ఖాళీ ఎవరిది?

డేటా సెంటర్లో ఒక సర్వర్ మీద ఒకటే పని నడవదు. మనం వెతికిన మాటకి క్షణంలో జవాబివ్వాల్సిన పనీ, రాత్రంతా నింపాదిగా లెక్కలు వేసుకునే పనీ పక్కపక్కనే ఉంటాయి. మొదటిది ఆలస్యాన్ని ఓర్చుకోలేదు, రెండోది ఓర్చుకుంటుంది. ఈ రెండిటి కాపురం కుదర్చడమే షెడ్యూలర్ పని.

కంప్యూటర్ని పంచుకోవడం కొత్తేం కాదు. 1961లో ఎంఐటీలో కోర్బాటో బృందం సీటీఎస్ఎస్‌ని చూపించింది: ఖరీదైన ఒకే యంత్రాన్ని కాసేపు ఒకరికి, కాసేపు ఇంకొకరికి తిప్పడం. గూగుల్ తన బోర్గ్ వ్యవస్థ గురించి 2015లో వేసిన పేపర్లో ఈ పంపకానికి లెక్క కట్టారు. రెండు రకాల పనులకీ సర్వర్లు విడదీస్తే, మధ్యస్థంగా ఒక్కో క్లస్టర్‌కి 20 నుంచి 30 శాతం యంత్రాలు అదనంగా కావాలి. అందుకే ముఖ్యమైన పని అడిగి పెట్టుకుని వాడకుండా ఉంచిన చోటుని బోర్గ్ చిన్న పనికి అప్పిస్తుంది. షరతు ఒకటే. అసలు పనికి అవసరం పడగానే అప్పు తీసుకున్నది తప్పుకోవాలి.

ఈ షరతు ఉన్నప్పుడు ఏమవుతుందో, పోతే ఏమవుతుందో రెండూ చూసిన చోటు ఏలూరు పక్కనే ఉంది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వరదలు అందులో చేరి, ఉప్పుటేరు మీదుగా మెల్లగా సముద్రానికి పోతాయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే లంక గ్రామాలవాళ్లు ఆ నేలలో వరి వేసేవాళ్లు. వానలకి సరస్సు తన చోటు తను తీసేసుకునేది. చేపలు పట్టేవాళ్లూ, వలస పక్షులూ ఆ నీటి మీదే బతికేవి. షెడ్యూలర్ రుతువే.

1970ల నుంచి గట్లు లేచాయి. ముందు సహకార సంఘాలకి చెరువులిచ్చింది ప్రభుత్వమే. తర్వాత పెట్టుబడి ఉన్నవాళ్లు దిగారు. వరి చేను వరదకి తప్పుకుంటుంది, గట్టు కట్టిన చెరువు తప్పుకోదు. వరద కోసం ఉన్న ఖాళీ అలా నిండిపోయింది. 1999లో 5వ కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2002లో రామ్సార్ జాబితాలో చేర్చారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లు తెంచారు.

పోలిక ఇక్కడ ఆగిపోతుంది. బోర్గ్ తీసేసిన పని ఇంకో యంత్రం మీద మళ్లీ మొదలవుతుంది. చెరువు తెగినవాళ్లకి ఇంకో కొల్లేరు లేదు. పైగా సర్వర్ మీద ఎవరు తప్పుకోవాలో పని మొదలవకముందే రాసి ఉంటుంది. కొల్లేట్లో ఆ మాట కుటుంబాలు చెరువుల మీద స్థిరపడ్డాక వినిపించింది.

వాడని చోటు కనిపిస్తే వృథా అనిపించడం ఇంజనీర్లకీ ప్రభుత్వాలకీ ఉన్న అలవాటే. కానీ ఆ ఖాళీ ఇంకా రాని వరద పేరు మీద ఉంది. దాన్ని అప్పివ్వొచ్చు, తిరిగి ఇచ్చే దారి కూడా ఆ రోజే చూపించగలిగితే.