ఇసుకపీట నుండి సేవాసదనము దాక

నారాయణఖేడు పేరునందే దాని చరిత్ర కొంత దాగియున్నది. ఆదినున్న నారాయణ శబ్దము దేశమంతటికి పరిచితమైనది. తుదనున్న ఖేడ్ మరాటీ దేశపు గ్రామనామములలో తరచుగా వినవచ్చునది. మంజీరా పరీవాహమున, తెలుగు కన్నడ మరాటీ సీమలు మూడును ఒరసికొను తావున వెలసిన యీ తాలూకా, నిజాము రాజ్యమున బీదరు జిల్లాలో నుండెను. 1956 నవంబరు 1వ తేదీన భాషాప్రాతిపదికపై రాష్ట్రములను పునర్విభజించినపుడు, బీదరులో కొంతభాగము మైసూరు రాష్ట్రమునకు పోగా, జహీరాబాదుతో పాటు ఇది మెదకు జిల్లాకు వచ్చెను. 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరెను.

రాజ్యభాష ఉర్దూ, సంతలో వినబడునది మూడు నాలుగు భాషల కలగలుపు అయిన యిట్టి సీమలో తెలుగు అక్షరము నిలిచినదన్న, ఆ పుణ్యములో పెద్దపాలు తల్లులదే యని నా దృఢవిశ్వాసము. దస్తరములలో వారి పేరులు కానరావు. మగవారికి కచేరీ పనికి వలసిన ఉర్దూ నేర్పు బడి ఎక్కడనో యొకచోట నుండెడిది. ఇంటిలోని తెలుగునకు మాత్రము ఇల్లే బడి. వేకువనే జొన్నరొట్టెలు కాల్చి, పొయ్యి చల్లారిన పిమ్మట, పీటమీద సన్నని యిసుక పరచి, బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, వాని చూపుడువ్రేలిని తన వ్రేళ్ల నడుమ నిమిడ్చికొని, 'ఓం నమః శివాయ సిద్ధం నమః' యనుచు దిద్దించెడి తల్లిని తలచికొనుడు. వ్రేలు తప్పుదారి పట్టినచో అరచేతితో ఇసుకను చదును చేసి, మరల మొదటినుండి. ఆ నమస్కారమే జనుల నోళ్ల నలిగి 'ఓనమాలు' అయినది. తాను చదువనేరని తల్లి సయితము బిడ్డ వ్రాసిన గుండ్రదనమును చూచి మురిసెడిదని మన పెద్దల యిండ్లలో చెప్పుకొనని వారు లేరు.

అయితే ఆ ఇసుకపీటను దాటి ఆడుపిల్ల పోదగిన త్రోవ యేది? 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. 1928లో మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదు నారాయణగూడలో తెలుగు బాలికల కొరకు ఉన్నత పాఠశాలను నెలకొల్పినపుడు, మాతృభాషలో చదువుకొన్న పిల్లలకు పరీక్ష పెట్టు విశ్వవిద్యాలయము స్వరాష్ట్రమున లేకపోయెను. స్త్రీలకు మాతృభాషలోనే విద్య గరపవలెనను సంకల్పముతో ధోండో కేశవ కర్వే 1916లో మహారాష్ట్రమున ప్రారంభించిన మహిళా విశ్వవిద్యాలయము ఆ పాఠశాలను తన నీడకు తీసికొనెను. తెలుగు బాలికకు తెలుగు చదువు మరాటీ పండితుని చలువవలన దొరకినదను నీ విషయమును, రెండు భాషల సరిహద్దున బ్రతుకు నారాయణఖేడు వారు ఇతరులకంటె బాగుగా గ్రహింపగలరు. 1930లో, ఇక్కడికి అంత దూరము కాని జోగిపేటలో, సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి నిజామాంధ్ర మహాసభ జరిగినపుడు, దాని వెంటనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను మహిళాసభయు జరిగెను. మొదటి సభను గూర్చి వ్రాసినవారు పెక్కురు. రెండవదానికి ఒక్క వాక్యముతో సరిపెట్టిన పుస్తకములను చూచి నేను నొచ్చుకొంటిని.

ఈ త్రోవలన్నియు ఒక్క జీవితమున కలిసికొన్నవి. 1911లో ఘటకేసరమున జన్మించిన సంగము లక్ష్మీబాయమ్మగారు, కర్వే విశ్వవిద్యాలయపు చదువును, గుంటూరు శారదానికేతనపు చదువును, మద్రాసులో కళాభ్యాసమును పొందిరి. ఆ శారదానికేతనము ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో స్థాపించినది; వితంతువులకును, దిక్కులేని బాలికలకును పుట్టినిల్లు వంటిది. చదువు చెప్పుటకు ముందు అన్నము పెట్టి, తల దువ్వి, జ్వరము వచ్చినపుడు ప్రక్కన కూర్చుండు గురుత్వము అట్టి చోట్లనే పుట్టును. పేరు కూడ ఒక్కటే యైన ఆ తల్లి నీడను చదివిన మన లక్ష్మీబాయమ్మగారు 1930–31లో ఉప్పు సత్యాగ్రహమున కారాగారమునకు పోయి, ఆ అనుభవములను తరువాత 'నా జైలు జ్ఞాపకాలు, అనుభవాలు' అను గ్రంథముగా వ్రాసిరి.

హైదరాబాదునకు మరలివచ్చిన పిమ్మట ఆమె గుంటూరున తాను చూచినదానినే చేసి చూపిరి. అనాథలైన పిల్లలకు ఇందిరా సేవాసదనము, గర్భిణులకు రాధికా ప్రసూతిగృహము, పసివారికి వాసు శిశువిహారము — ఈ వరుసను గమనింపుడు. కాన్పు మొదలు ఓనమాలు దాక బిడ్డకు తల్లి యేమేమి చేయునో ఆయా పనులన్నిటికిని ఒక్కొక్క యిల్లు కట్టిరి. 1952లో బాన్సువాడ నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికై, 1954 మొదలు 1956 వరకు విద్యాశాఖకు ఉపమంత్రిగా నుండిరి. నారాయణఖేడు బీదరు జిల్లాలో గడపిన కడపటి సంవత్సరములు అవియే. 1957 మొదలు వరుసగా మూడుసారులు లోకసభకు పోయిరి. మూడవసారి, 1967లో, మెదకు నుండియే. 1951లో వినోబా భూదానమునకై తెలంగాణమున కాలినడకను తిరిగినపుడు ఆయన వెంట నడచిన పాదములును ఆమెవే. 1979లో ఆమె కన్నుమూసిరి.

నేడు ఖేడు నుండి పట్నము పోయి సంతోషనగరు వైపు బస్సు ఎక్కినవారికి 'ఐ.ఎస్. సదన్' అను పేరు వినబడును. ఆ రెండు పొడి అక్షరములు ఇందిరా సేవాసదనమునకు గుర్తు. చౌరస్తాకు ఆ పేరు వచ్చినది ఆమె పిల్లలను పెంచిన ఆ యింటి వలననే.