అమరావతి రాళ్లు లండన్‌లో ఏం చేస్తున్నాయి?

లండన్ బ్రిటిష్ మ్యూజియంలో రూమ్ నంబర్ 33ఏ అని ఒక గది ఉంది. అందులో ఉన్నవి మన కృష్ణ ఒడ్డున అమరావతి మహాస్తూపం శిల్పాలు. చాలాకాలం వాటిని 'ఎల్లియట్ మార్బుల్స్' అన్నారు. అసలవి మార్బుల్ కాదు, సున్నపురాయి. ఎల్లియట్ వాటిని చెక్కినవాడూ కాదు, 1845లో తవ్వించిన బ్రిటిష్ అధికారి!

ఇక్కడ 'తెల్లోళ్లు దోచుకుపోయారు' అనేస్తే కథ అయిపోతుంది. కానీ అంత సింపుల్‌గా లేదు. అంతకు ముందే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కట్టిస్తుంటే, స్తూపం దిబ్బని తవ్వి ఆ రాళ్లని కట్టడాలకి వాడేశారు. బుద్ధుడి కథలు చెక్కిన రాళ్లు కొన్ని సున్నం కింద కాలిపోయాయి కూడా. కల్నల్ మెకంజీ 1816లో బొమ్మలు గీయించాడు కాబట్టి, పోయినవాటిలో కొన్ని ఎలా ఉండేవో మనకి తెలుస్తోంది.

ఎల్లియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి. అక్కడ 1851లో మ్యూజియం పెట్టారు, కొన్నాళ్లకి అదే ఆవరణలో జూ కూడా. జనం మ్యూజియంని 'సెత్త కాలేజ్' అనేవాళ్లు, అంటే చచ్చిన కాలేజీ. జూ ఏమో బతికున్న కాలేజీ! పేరు భలే పెట్టారు కదా.

1859లో చాలా రాళ్లు ఓడెక్కి లండన్ వెళ్లాయి. వెళ్లి ఏమయ్యాయి? గుర్రబ్బండ్ల షెడ్డులో పడున్నాయి. 1867లో ఫెర్గుసన్ అనే పండితుడు చూసేదాకా పట్టించుకున్నవాళ్లే లేరు. బ్రిటిష్ మ్యూజియంకి చేరింది 1880లో. ఆ మ్యూజియం 1759లో తెరిచినప్పుడు టికెట్ ఫ్రీయే, కానీ ముందుగా రాతపూర్వకంగా అప్లై చేసుకోవాలి. చదువుకున్న పెద్దమనుషుల చోటు అన్నమాట. ఇప్పుడు అవే శిల్పాలు మీ ఫోన్‌లో జూమ్ చేసి చూడొచ్చు.

మరి తిరిగి ఇస్తారా? 1963 నాటి వాళ్ల చట్టం ప్రకారం మ్యూజియం తన వస్తువుల్ని ఇచ్చేయడం దాదాపు కుదరదు. నా ఉద్దేశంలో ఆ చట్టం మార్చాల్సిందే. అయితే ఇంకో సంగతి. 1953లో ఆంధ్ర విడిపోయినా, మద్రాసులో మిగిలిన రాళ్లు అక్కడే ఉండిపోయాయి. అమరావతిలో పుట్టిన పిల్లాడు తన ఊరి శిల్పాల కోసం పక్క రాష్ట్రం వెళ్లాలి. దాని గురించి మనం లండన్ గురించి అరిచినంత అరవం, ఎందుకో మరి.

ఈసారి చెన్నై వెళ్తే ఎగ్మూర్‌లో దిగి చూడండి, పాంథియన్ రోడ్డులో ఉంటుంది. శుక్రవారం సెలవు.