వడ్డీ కాలువ, ఊరి బావి

నందికొట్కూరు పొలాల నడుమ సాగే కె.సి. కాలువ గట్టున నిలిచినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది: నీటి లెక్క ఎవరి పక్షాన రాయాలి?

ఈ కాలువను 1860లలో తవ్వించినది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. పది లక్షల పౌన్ల మూలధనానికి ఏటా 5 శాతం వడ్డీ ఇప్పిస్తామని ప్రభుత్వం హామీ పడింది. సుంకేసుల నుండి కడప దాకా నీరు పారింది. కాని నల్లరేగడిలో మెట్టపైరు వేసుకునే రైతు, మామూలు ఏళ్ళలో ఆ నీటికి పన్ను కట్టేందుకు ముందుకు రాలేదు. కంపెనీ నష్టపోయింది, 1882లో ప్రభుత్వమే కాలువను కొన్నది. మదుపుకు హామీ ఉండినది, రైతుకు ఏ హామీ లేదు.

నూరేళ్ళ తరువాత ఇదే సీమలో మరొక లెక్క మొదలైంది. జెసూట్ సభకు చెందిన విన్సెంట్ ఫెర్రర్ మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పేద రైతులచేత బావులు తవ్వించారు. 1968లో దేశం విడువవలసి వచ్చింది. 1969లో తిరిగివచ్చి అనంతపురం చేరారు. 1970లో సభను వీడినా సేవను వీడలేదు. 2009లో అక్కడే కన్నుమూశారు.

సురక్షితమైన తాగునీరు మానవుని మౌలిక హక్కని 2015లో పోప్ ఫ్రాన్సిస్ 'లౌదాతో సీ' లేఖలో రాశారు. పేదల బాధనూ, భూమి బాధనూ ఆయన వేరుచేయలేదు.

ఆ మాట చదివినపుడు మన బోర్లు గుర్తుకొచ్చాయి. నేలతల్లి వద్ద మనం రోజూ నీటిని అప్పు చేస్తున్నాము. మిత్రులారా, ఆ అప్పు తీర్చే పద్దు మనలో ఎవరు రాస్తున్నారు?