డెబియన్ ప్యాకేజీలు మరో లినక్స్ సర్వర్‌పై

తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ ‘స్వేచ్ఛ’కు ఆధారం డెబియన్. ఇబ్రహీంపట్నం పరిసరాల్లోని ఒక ఇంజినీరింగ్ కళాశాల ల్యాబును ఊహించుకోండి. కంప్యూటర్లన్నీ డెబియన్‌వి, ఉన్న ఒక్క సర్వర్ మాత్రం రెడ్‌హాట్ కుటుంబానిది. ప్యాకేజీల రిపాజిటరీని దానిపై ఉంచవచ్చా?

ఉంచవచ్చు. కారణం చరిత్రలో ఉంది. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్‌లో, 1999 మార్చి నాటి 2.1 వెర్షన్‌తో ఏపీటీ అందరికీ అందింది. ఏ ప్యాకేజీ దేనిపై ఆధారపడిందో తేల్చే పనిని ఏపీటీ సర్వర్‌కు అప్పగించదు. ‘ప్యాకేజెస్’ అనే సూచికను దించుకొని, వాడేవారి కంప్యూటర్‌లోనే తేల్చుకుంటుంది. సర్వర్ చేసేదల్లా ఫైళ్లు అందించడమే; అందుకు మామూలు వెబ్ సర్వర్ చాలు.

డెబియన్ రిపాజిటరీని ఉన్నదున్నట్లు నకలు చేస్తే చిక్కే లేదు. సొంత ప్యాకేజీ చేర్చినప్పుడే సూచికను కొత్తగా తయారుచేయాలి. ఆర్‌పీఎం కోసం పుట్టిన క్రియేట్‌రెపో ఇక్కడ పనికిరాదు. కనుక డెబియన్ యంత్రంలో డీపీకేజీ-స్కాన్‌ప్యాకేజెస్‌తో సూచిక సిద్ధంచేసి, ఫైళ్లను సర్వర్‌కు పంపడం సులువు.

2007లో వచ్చిన డెబియన్ 4.0 నుంచి ఏపీటీ డిజిటల్ సంతకాన్నీ సరిచూస్తోంది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే: నమ్మకం సర్వర్ నుంచి సంతకానికి మారింది. అందుకే సంతకం చేసే రహస్య కీని ఆ సర్వర్‌లో ఉంచరు.