సార్వత్రిక విద్య: మాటా, మాధ్యమమూ

ఇంగ్లీషులో 'ఓపెన్ యూనివర్సిటీ' అన్నప్పుడు తలుపు తెరిచి ఉందన్నది ప్రధానం. మనవాళ్లు దాన్ని 'సార్వత్రిక విశ్వవిద్యాలయం' అన్నారు. సర్వత్ర అంటే అన్నిచోట్లా అని. అనువాదంగా అంత అతికినట్టు లేదు గాని, మూలం కంటే పెద్ద హామీ ఇచ్చిన మాట అది. ఆ హామీ తెలుగు రాష్ట్రాలకు వెలుపల ఉన్న తెలుగువారికి ఎంతవరకు అందిందో చూడవలసి ఉంది.

1982లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో ఈ తరహా సంస్థల్లో మొదటిది. తొలి వైస్ ఛాన్సలర్ జి. రామ్‌రెడ్డి. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా ఆయనే తొలి వైస్ ఛాన్సలర్. హైదరాబాదు సంస్థకు 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. బడి చదువు పూర్తికానివారు సైతం అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. అంతకంటే ముఖ్యం, ఇంట్లో ఒంటరిగా చదువుకునేవారి కోసం డిగ్రీ పాఠాలను తెలుగులో రాయించటం. అయితే రాష్ట్ర శాసనంతో పుట్టినది గనుక దాని అధ్యయన కేంద్రాలు రాష్ట్రం పొలిమేరల్లోనే ఆగాయి. హోసూరు, బళ్లారి, బరంపురం వాటికి అవతల ఉన్నాయి.

కంప్యూటరు పాఠాలు వచ్చాక పొలిమేర సమస్య పోయింది. 2001లో అమెరికాలోని ఎం.ఐ.టి. తన పాఠాలను ఉచితంగా పెడతానని ప్రకటించింది. మన ఐ.ఐ.టి.ల ఎన్.పి.టి.ఇ.ఎల్. 2003లో మొదలైంది. 2011లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు కృత్రిమ మేధపై పెట్టిన కోర్సులో సుమారు 1,60,000 మంది చేరితే పూర్తిచేసినవారు 20,000 పైచిలుకు. కేంద్ర ప్రభుత్వపు 'స్వయం' 2017లో వచ్చింది. అందులో చదువు ఉచితం, పరీక్షకు రుసుము ఉంది. కొన్ని పాఠాలకు తెలుగు అనువాదాలూ వచ్చాయి.

ఏ తెలుగు అన్నది అసలు ప్రశ్న. తమిళనాడులో 2006లో బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు లిపి రాని పిల్లలు అక్కడ కొత్త కాదు. వారికి పుస్తకం కంటే చెవికి వినిపించే పాఠం మేలు. కాని హోసూరు పిల్లవాడు బడిలో 'ఒళిచ్చేర్కై' అని నేర్చుకున్నదాన్ని, బళ్లారి పిల్ల 'ద్యుతిసంశ్లేషణె' అని నేర్చుకున్నదాన్ని మన తెలుగు పాఠం 'కిరణజన్య సంయోగక్రియ' అంటుంది. ఇద్దరికీ 'ఫొటోసింథసిస్' అనే ఇంగ్లీషు మాటే దగ్గరగా తోస్తుంది. ఇంటి భాషలో చెప్పిన పాఠం పరాయిదవుతుంది. పరిభాష కల్పించినవారిని తప్పుపట్టను. వారి ఎదుట ఉన్నది తెలుగు మాధ్యమంలో చదివే విద్యార్థి.

నేటి ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి సవరల కోసం వారి భాష తాను నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఉచిత విద్య అన్నది మనకు నిన్నటి మాట కాదు. ఆయన ముందుగా ఖర్చు పెట్టింది వినటానికి.

ఎం.ఐ.టి. పాఠాలు క్రియేటివ్ కామన్స్ ఒప్పందం కింద ఉన్నాయి. మూలం పేర్కొని, వ్యాపారానికి వాడకుండా, తిరిగి అదే ఒప్పందం కింద పెడితే ఎవరైనా మార్చుకోవచ్చు, అనువదించుకోవచ్చు. ఉచితం అన్నదాని కంటే ఈ హక్కు విలువైనది. ఇలాంటి పాఠానికి హోసూరు ఉపాధ్యాయుడు తన ఊరి తెలుగులో గొంతు ఇచ్చి, తమిళ పదాన్ని పక్కనే పలికితే అడ్డుచెప్పే నియమం లేదు.