ఏ అలవాట్లూ లేవు

పెళ్లి సంబంధం మాట్లాడుకునే చోట ఒక మాట తప్పకుండా వినబడుతుంది: "అబ్బాయికి ఏ అలవాట్లూ లేవండీ." అది వినగానే అవతలివాళ్ల మొహాలు విచ్చుకుంటాయి. తాగుడు లేదు, సిగరెట్టు లేదు, పేకాట లేదు అని అర్థం. 'చెడు' అన్న విశేషణం దారిలో ఎక్కడో జారిపోయింది. దాని పని ఇప్పుడు బహువచనమే చేసిపెడుతోంది. "పొద్దున్నే లేవడం ఆయనకి అలవాటు" అంటే మెచ్చుకోలు. "ఆయనకి అలవాట్లున్నాయి" అంటే గొంతు తగ్గించి చెప్పుకోవలసిన సంగతి.

ఒత్తిడి తగ్గాలన్నా, మనసు హాయిగా ఉండాలన్నా రోజూ చేసే అలవాటు ఒకటి ఉండాలని డాక్టర్లు మొదలుకొని యూట్యూబువాళ్ల దాకా అందరూ చెబుతున్నారు. కాదనను. ముందు 'అలవాటు' అన్న మాట ముడి విప్పి చూద్దామని కూర్చున్నాను.

'పడు' నుంచి 'పాటు' వస్తుంది, 'చెడు' నుంచి 'చేటు' వచ్చినట్టు. ఏర్పడితే ఏర్పాటు, తడబడితే తడబాటు, కట్టుబడితే కట్టుబాటు. అలాగే అలవడితే అలవాటు. ఇక్కడ 'ప' కాస్త మెత్తబడి 'వ' అయింది, అంతే. మొదటిసారి పొరపాటు, రెండోసారి గ్రహపాటు, మూడోసారి అలవాటు అని ఊళ్లో ఎత్తిపొడుస్తుంటారు. ఆ మూడూ పాట్లే. చమత్కారం సంగతి ఎలా ఉన్నా, మూడుసార్లకే అలవాటు అయిపోతుందనడం మాత్రం దురాశ.

సగం తేలింది. మిగిలిన సగం 'అలవి'. ఈ మాట ఇప్పుడు ఒంటరిగా పెద్దగా వినబడదు. 'అలవికాని పని', 'అలవిమాలిన కోరిక' లాంటి జంటల్లో బతుకుతోంది. శక్యమైనది, చేతనైనంత మేర అని దాని అర్థం. పక్క భాషల్లోకి తొంగి చూస్తే మూలం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. తమిళంలో 'అళవు' అంటే కొలత. కన్నడంలో 'అళె' అంటే కొలవడం, 'అళవడు' అంటే కుదరడం, సరిపడడం. మన 'అలవడు'కి అది తోడబుట్టిందే. ఆ లెక్కన అలవాటు అంటే మన కొలతకు వచ్చి పడినది, మన మేరలో ఇమిడినది. ఒంటికి సరిపడా కుట్టిన చొక్కా లాంటిదన్నమాట. ఈ వ్యుత్పత్తి నాకెందుకు నచ్చిందంటే, ఇందులో పట్టుదల, సంకల్పబలం వంటి బరువైన మాటలేవీ లేవు. కొలత ఒక్కటే ఉంది.

వ్యాకరణం కూడా ఆ మాటే చెబుతుంది. "నాకు అలవాటైంది" అంటాం. అక్కడ కర్త నేను కాను. అది నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. పక్కింటి చంటివాడు ఏడవకుండా మన చంకెక్కితే "వీడు నాకు అలవాటైపోయాడు" అంటాం. అక్కడ అలవాటు అంటే చనువు. ఒక పని చేసే నేర్పుకీ, ఒక మనిషితో కుదిరే చనువుకీ ఒకే మాట వాడే భాష మనది. పని కూడా పసివాడి లాంటిదే. మొదటిరోజే ఎత్తుకోబోతే గుక్కపట్టి ఏడుస్తుంది.

మా నాయనమ్మ మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో కూర్చుని దూదితో వత్తులు చేసేది. అరచేతిలో కాస్త విబూది, మోకాలి పక్కన దూది. మాట్లాడుతూనే చేసేది, లేదా ఏమీ మాట్లాడకుండా చేసేది. ఇంట్లో ఎంత గొడవ జరిగినా ఆ గంట మాత్రం కదిలేది కాదు. (వత్తికీ ఒత్తిడికీ చుట్టరికం ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. వత్తి సంస్కృతం 'వర్తి' నుంచి వచ్చింది, ఒత్తిడి మన 'ఒత్తు' నుంచి. పలుకుబడిలో ఇద్దరూ ఒకేలా వినబడతారు, అంతే.) ఆవిడ దాన్ని మనశ్శాంతి కోసం చేస్తున్నాననుకోలేదు. దీపానికి వత్తులు కావాలి కాబట్టి చేసింది.

సంస్కృతంలో ఇంకో విశేషం ఉంది. అభ్యాసం, వ్యసనం ఒకే తల్లి బిడ్డలు. రెంటికీ మూలం 'అస్', విసరడం అని అర్థమున్న ధాతువు. 'అభి' చేరితే ఒక వైపుకి గురిపెట్టి మళ్లీ మళ్లీ విసరడం. 'వి' చేరితే చెల్లాచెదరుగా విసిరేయడం. వ్యసనానికి మొదటి అర్థం ఆపద, దుఃఖం. పాత తెలుగులో 'వ్యసనపడ్డాడు' అంటే బాధపడ్డాడనే. రాత్రి పదకొండింటికి ఫోను తెర మీద బొటనవేలు పైకి తోస్తూ కూర్చుంటాం కదా, చెయ్యి కదిలే తీరు చూస్తే అదీ సాధనే. విసురు ఎటు పోతోందన్నదే తేడా.

కొలతకి మించిన సాధన గురించి మన పెద్దలు ఒక్క సామెతలో తేల్చేశారు: అలవాటు లేని ఔపాసన చేయబోతే మీసాలు తెగకాలాయట. గృహస్థు పొద్దునా సాయంత్రమూ ఇంట్లో చేసుకునే హోమం ఔపాసన. మంట ఎంత లేస్తుందో, తాను ఎంత ఒంగాలో రోజూ చేసేవాడి ఒంటికే తెలుసు. కొత్తవాడికి ఉత్సాహం తప్ప ఇంకేం తెలియదు. జనవరి 1న నాలుగింటికి లేచి గంట ధ్యానం, గంట వ్యాయామం, డైరీ రాత, చన్నీళ్ల స్నానం అన్నీ ఒకేసారి మొదలుపెట్టేవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ మీసాలే గుర్తొస్తాయి.

నా మీసాలూ ఒకసారి కాలాయి. రోజుకి 10,000 అడుగులు నడవాలని బూట్లు కొన్నాను, ఫోనులో లెక్క పెట్టుకున్నాను. తొమ్మిదో రోజుకి మోకాలు పట్టేసింది, పదో రోజు నుంచి బూట్లు గుమ్మం పక్కనే ఉన్నాయి. ఆ అంకె ఎక్కడిదని తర్వాత వెతికితే, 1965లో జపానులో అమ్మిన ఒక అడుగుల మీటరు దగ్గర తేలింది. దాని పేరు 'మాన్‌పో-కే', అంటే పదివేల అడుగుల మీటరు. వ్యాపారం కోసం పెట్టిన పేరు నాకు కొలత అయి కూర్చుంది. అది నా అలవి ఎలా అవుతుంది?

రోజుల లెక్కలోనూ ఇలాంటి తిరకాసే ఉంది. 21 రోజుల్లో అలవాటు స్థిరపడుతుందని చాలామంది చెబుతారు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి ఆ మాట పాకింది. కొత్త ముఖానికి అలవాటు పడడానికి తన రోగులకు కనీసం మూడు వారాలు పడుతోందని ఆయన గమనించాడు. దీక్షలకి మనం పెట్టుకున్న మండలం అంతకంటే ఉదారమైనది. 40 రోజులని కొందరు, 48 అని కొందరు, అయ్యప్ప దీక్షకి 41. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించింది. రోజూ ఒకే సందర్భంలో చేసే చిన్న పని, దాదాపు తనంతట తాను జరిగే దశకి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలాయి, కొందరి లెక్క అంచనా మీద 254 దాకా పోయింది. అంటే ఎవరి అలవి వారిదే. ఇంకో సంగతి, ఒక రోజు తప్పినంత మాత్రాన పని పాడవలేదు. నిజానికి తెలుగులో ఒకరోజు మానేస్తే "ఇవాళ కుదరలేదు" అంటాం. "అలవాటు తప్పింది" అనాలంటే చాలా రోజులు గడవాలి.

ఇప్పుడు నేను వీధి చివరి కిరాణా కొట్టు దాకా నడిచి వస్తాను. పోనూ రానూ పావుగంట. బూట్లు అక్కర్లేదు, చెప్పులు చాలు. ఆ పావుగంటకి ఫోను ఇంట్లోనే ఉంటుంది.

ఈసారి మీ ఇంట్లో సంబంధం మాట్లాడేటప్పుడు ఎవరైనా "అబ్బాయికి ఏ అలవాట్లూ లేవండీ" అంటే వెంటనే సంబరపడకండి. "ఒక్కటి కూడా లేదా?" అని అడగండి.