వాషింగ్ పౌడర్ నెల తిరక్కుండానే అయిపోతోందా? అసలు లెక్క నురగలో లేదు.. నీళ్లలో, గ్రాముల్లో ఉంది!

నెల సరుకుల లిస్టులో బియ్యం, నూనె, పప్పుల ధరలు అందరికీ నోటికి ఉంటాయి. బట్టల పౌడర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క ఉండదు. ఎప్పుడూ తెచ్చే ప్యాకెట్టే తెస్తాం, చేతికొచ్చినంత పోసేస్తాం. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒంటి సబ్బులపై జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గినా, బట్టల డిటర్జెంట్ మాత్రం 18 శాతం శ్లాబులోనే ఉండిపోయింది. అంటే ఇక్కడ ఆదా కావాలంటే వాడకంలోనే చూసుకోవాలి. అదెలాగో చూద్దాం.

ముందు ప్యాకెట్ సంగతి. ఎమ్మార్పీ పక్కనే చిన్న అక్షరాల్లో యూనిట్ సేల్ ప్రైస్ అని ఉంటుంది. చాలామంది దాన్ని చూడనే చూడరు. కానీ రెండు ప్యాకెట్లను పోల్చడానికి పనికొచ్చేది అదొక్కటే. ఇందులో ఒక తిరకాసు ఉంది. కిలోలోపు ప్యాకెట్ మీద గ్రాముకు ఇంత అని, కిలోకు మించిన ప్యాకెట్ మీద కిలోకు ఇంత అని వేస్తారు. ఉదాహరణకు చిన్న ప్యాకెట్ మీద గ్రాముకు 13 పైసలు అని, పెద్ద ప్యాకెట్ మీద కిలోకు 140 రూపాయలు అని ఉందనుకోండి. 13 పైసలను వెయ్యితో గుణిస్తే కిలో 130 రూపాయలే పడుతుంది. అంటే చిన్నదే చవక. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ లాభమే అనుకుంటే పొరపాటే. పది రూపాయల ప్యాకెట్ల విషయంలో కంపెనీలు ధర ముట్టుకోకుండా లోపల గ్రాములు తగ్గిస్తుంటాయి కాబట్టి, పోయిన ఏడాది లెక్క ఈ ఏడాది పనికిరాదు. బకెట్ ఫ్రీ, మగ్గు ఫ్రీ ఆఫర్లకూ ఇదే లెక్క వేయాలి.

ఇక అసలు డబ్బు పోయేది కొలతలో. నురగ ఎక్కువొస్తే బట్ట బాగా తెల్లబడుతుందన్న నమ్మకం మన ఇళ్లల్లో గట్టిగా ఉంది. టీవీ యాడ్స్ కూడా దాన్నే పెంచి పోషించాయి. నిజానికి మురికిని వదిలించేది డిటర్జెంట్‌లోని సర్ఫాక్టెంట్లు. నురగ వాటితో పాటు వచ్చేదే తప్ప, అదే పని చేయదు. ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో అయితే నురగ మరీ ఎక్కువైతే బట్టలు ఒకదానికొకటి రాసుకోకుండా అడ్డం పడుతుంది. దాంతో ఉతుకు సరిగా పడదు, రిన్స్ మళ్లీ పెట్టాలి. నీళ్లూ కరెంటూ అదనం. అందుకే ఫ్రంట్ లోడ్‌కు తక్కువ నురగ వచ్చే పౌడర్లు వేరేగా అమ్ముతారు.

మీ ఇంట్లో పౌడర్ ఎక్కువ పడుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఉతికి ఆరేసిన రెండు పాత తువ్వాళ్లను పౌడర్ ఏమీ వేయకుండా ఉత్త నీళ్లతో మెషీన్‌లో తిప్పండి. నురగ వచ్చిందంటే ఇన్నాళ్లూ ఎక్కువ వేస్తున్నట్టే, అది బట్టల్లోనే ఉండిపోతున్నట్టే. నల్ల చొక్కాల మీద తెల్ల చారలు, తువ్వాళ్లు అట్టముక్కల్లా బిరుసెక్కడం కూడా చాలాసార్లు దీనివల్లే.

డబ్బుల్లో చూస్తే.. నెలకు 20 సార్లు మెషీన్ వేసే ఇంట్లో 70 గ్రాములు సరిపోయేచోట 100 గ్రాములు వేస్తున్నారనుకుందాం. నెలకు 600 గ్రాములు వృథా. కిలో 120 రూపాయల చొప్పున నెలకు 72, ఏడాదికి 864 రూపాయలు. గుప్పిట్లతో, కొబ్బరి చిప్పలతో కొలిచే అలవాటు మాని, ప్యాకెట్ వెనుక రాసిన కొలత చూసి, ఒకే స్పూన్ డబ్బాలో పడేసుకుంటే చాలు.

అయితే ఈ కొలత అందరికీ ఒకేలా పనిచేయదు. కారణం నీళ్లు. హైదరాబాద్‌లో కృష్ణా, గోదావరి, మంజీరా నల్లా నీళ్లు వచ్చే ఇంట్లో సరిపోయిన పౌడర్, బోరు లేదా ట్యాంకర్ నీళ్ల మీద ఆధారపడే అపార్ట్‌మెంట్‌లో చాలకపోవచ్చు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే అవే ముందు డిటర్జెంట్‌ను పట్టేసుకుంటాయి, మురికికి మిగిలేది తక్కువ. మీవి ఎలాంటి నీళ్లో తేల్చుకోవాలంటే, సీసాలో సగం నీళ్లు పోసి ఒంటి సబ్బు ముక్క కాస్త గీకి వేసి ఊపండి. నురగ రాకుండా నీళ్లు పాలలా విరిగినట్టయితే అవి కఠిన జలాలే.

అలాంటి నీళ్లకు ఖరీదైన పౌడర్ ఇంకో స్పూన్ పోయడం కన్నా బట్టల సోడా మేలు. కిరాణా షాపుల్లో చవకగా దొరుకుతుంది. వంట సోడా కాదు, బట్టల సోడా అని గట్టిగా చెప్పి తీసుకోవాలి. బకెట్ నీళ్లలో ముందు ఒక చెంచా కరిగించి, ఐదు నిమిషాలాగి, ఆ తర్వాత పౌడర్ వేయాలి. ఇదేం కొత్త కిటుకు కాదు. ఒకప్పుడు రేవుల్లో చౌడు మట్టి వాడింది అందులోని ఈ క్షారం కోసమే. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ మొదలుపెట్టిన నిర్మా అంత చవగ్గా అమ్ముడవడానికి కూడా అందులో సోడా పాలు ఎక్కువగా ఉండటం ఒక కారణం. కాకపోతే చేత్తో ఉతికేవాళ్లకు సోడా ఎక్కువైతే చేతులు మండుతాయి, చర్మం పగులుతుంది. గ్లౌజులు వేసుకోవడం మంచిది. పట్టు, ఉన్ని బట్టలకు సోడా అస్సలు తగలకూడదు. పట్టు చీరలకు కుంకుడుకాయ రసమే ఇప్పటికీ నమ్మకమైనది. కానీ మట్టి కొట్టుకుపోయిన పిల్లల యూనిఫాంలకు మాత్రం కుంకుడు సరిపోదు.

మరకల దగ్గర కూడా పౌడర్ బాగా వృథా అవుతుంది. కాలర్‌కు, చొక్కా చేతుల అంచులకు ముందే సబ్బు బిళ్ల రుద్దేస్తే, వాటి కోసం మొత్తం బకెట్‌కు డోసు పెంచాల్సిన పనిలేదు. ఎంజైమ్‌లు ఉన్న పౌడర్ కొంటే అరగంటైనా నానబెట్టాలి. పోసిన వెంటనే ఉతికితే దానికి పెట్టిన అదనపు డబ్బులు డ్రైనేజీలో పోసినట్టే. రక్తం మరకకు చల్లని నీళ్లే వాడాలి. పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రగా మారుతుంది. అది చూసి కంగారుపడి ఇంకా పౌడర్ పోస్తుంటారు. అక్కర్లేదు, ఉతికి మంచి ఎండలో ఆరేస్తే రంగు దానంతటదే వెలిసిపోతుంది.

లిక్విడా, పౌడరా అంటే మామూలు కాటన్ బట్టలకు పౌడరే చవక. చల్లని నీళ్లలో త్వరగా కరగాలన్నా, ముదురు రంగు బట్టలైనా లిక్విడ్ బాగుంటుంది.

రీల్స్‌లో కనిపించే కొన్ని చిట్కాలతో జాగ్రత్త. వెనిగర్, వంట సోడా కలిపి పోస్తే బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, బట్టకు ఒరిగేదేమీ లేదు. అంతకన్నా ప్రమాదకరమైనది బ్లీచ్‌లో వెనిగర్ గానీ, బాత్రూం కడిగే యాసిడ్ గానీ కలపడం. దానివల్ల క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపులు మూసిన చిన్న బాత్రూంలో అది ఊపిరికే ముప్పు. పొరపాటున కలిస్తే, ఘాటు వాసన రాగానే అన్నీ అక్కడే వదిలేసి పిల్లలతో సహా బయట గాలిలోకి వచ్చేయాలి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.